అమ్మకి పొయ్యి పొగ, పాపకి రోడ్డు పొగ: బెజవాడ, గుంటూరు వాళ్లు ఏమంటారు?

#1 గొల్లపూడి_శ్రీను

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి.

పోయిన వారం అమ్మని ఛాతీ డాక్టరుకి చూపించాం. ఏడాదిగా ఒక అంతస్తు ఎక్కితే ఆయాసం. వయసు 63. గొట్టంలోకి ఊదించి పరీక్ష చేసి సీఓపీడీ అన్నారు, ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే మొండి జబ్బు. అది చుట్టలు, బీడీలు తాగేవాళ్ల జబ్బు అనుకునేవాణ్ని. మా అమ్మ జన్మలో వక్కపలుకు కూడా నోట్లో వేసుకోలేదు. డాక్టరు గారు ఒక్కటే అడిగారు: "కట్టెల పొయ్యి మీద ఎన్నేళ్లు వండారమ్మా?" అమ్మ వేళ్ల మీద లెక్కపెట్టుకుని "ముప్పై అయిదు" అంది. మాది మైలవరం దగ్గర పల్లె. పత్తి కట్టె, కంప, వానాకాలమైతే పిడకలు. కిటికీ లేని వంటిల్లు. ఊదుగొట్టం పట్టుకుని కొంగుతో కళ్లు తుడుచుకునే మనిషే చిన్నప్పుడు నాకు తెలిసిన అమ్మ. దీపం పథకంలో గ్యాస్ వచ్చింది కానీ ఆ బండ చుట్టాలొస్తే టీ పెట్టడానికే. అయిపోతే మళ్లీ కొనాలి కదా.

అదే రోజు సాయంత్రం మా పాపకి నెబులైజర్. ఆరేళ్లు. పుట్టింది ఇక్కడే, హైవే పక్క అపార్ట్‌మెంటులో. కట్టెల పొయ్యి దానికి టీవీలో తప్ప తెలియదు. కార్తీకం దాటిందంటే పిల్లికూతలు మొదలు. బాల్కనీ రెయిలింగ్ పొద్దున తుడిస్తే సాయంత్రానికి దాని మీద వేలితో పేరు రాసుకోవచ్చు.

నేనూ, మా ఆవిడా ఇద్దరం ఉద్యోగాలే. మా నాన్న సంపాదనతో పోల్చే పనే లేదు. అమ్మ జబ్బు పేదరికం వల్ల వచ్చింది, ఒప్పుకుంటాను. పాపకి వచ్చింది ఆ పేదరికం పోవడం వల్లా? డాక్టర్ని అడిగితే నవ్వి మందు చీటీ ఇచ్చారు. అందుకే ఇక్కడ అడుగుతున్నా.

#2 వన్‌టౌన్_వ్యాపారి

శ్రీను గారూ, అమ్మగారికి కుదుటపడాలి. కానీ మీ ప్రశ్నని తిరగేసి చూడండి. మా తాత సామారంగం చౌక్ దగ్గర కొట్టు నడిపాడు. 51కే పోయాడు. ఏం జబ్బో కూడా ఎవరికీ తెలియదు, "గుండె పట్టేసింది" అన్నారంతే. మా నాన్నకి ఇప్పుడు 81. స్టెంట్ వేయించుకుని రోజూ కొట్టుకి వచ్చి నా మీద పెత్తనం చేస్తాడు. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో ఈ దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్లు. ఇప్పుడు 70 దాకా ఉంది. ఆ మధ్యలో పెరిగినవి ఏమిటి? లారీలు, ఫ్యాక్టరీలు, పొగ గొట్టాలు. పొగ పెరిగిన దేశంలోనే ఆయుష్షు రెట్టింపైంది. ఆ నెబులైజర్ కూడా ఫ్యాక్టరీలో తయారైందే కదా.

#3 నైట్‌డ్యూటీ

నేను స్టాఫ్ నర్సుని. ఏ ఆసుపత్రి అని అడగొద్దు.

శ్రీను గారూ, ముందు మీకు పనికొచ్చే మాట. అమ్మగారికి ఇన్‌హేలర్ రాస్తే మానిపించకండి. "అలవాటైపోతుంది", "చివరి దశలో వాడేది" అని చుట్టాలు ఒకటికి పది చెబుతారు. నిజానికి మాత్ర మింగితే మందు ఒళ్లంతా తిరగాలి. ఇన్‌హేలర్‌లో మైక్రోగ్రాముల లెక్కన నేరుగా ఊపిరితిత్తుల్లోకే వెళుతుంది. పాపకి స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం) పెట్టి ఇవ్వండి, లేకపోతే సగం మందు గొంతులోనే ఆగిపోతుంది.

ఇక గాలి సంగతి. మా వార్డులో డిసెంబరు, జనవరి అంటే ముసలాళ్లూ పసిపిల్లలూ. మధ్య వయసు వాళ్లు రారా అంటే వస్తారు, పక్క వార్డుకి. పక్షవాతం, గుండెపోటు. పొగ అంటే దగ్గు అనుకుంటారు జనం. పీఎం 2.5 అనే ధూళి కణం మన వెంట్రుక మందంలో దాదాపు ముప్పయ్యో వంతు. ముక్కులో వెంట్రుకలు, గొంతులో తెమడ దాన్ని ఆపలేవు. ఊపిరితిత్తుల చివరి గదుల దాకా పోయి, అక్కణ్నుంచి నెత్తురులో కలుస్తుంది. రక్తనాళాల్లో వాపు, గడ్డలు. కేస్ షీట్‌లో మాత్రం "స్ట్రోక్" అని రాస్తాం. "గాలి" అని రాయడానికి గడి లేదు.

#4 బ్రాడీపేట_మాస్టారు

నేను గుంటూరులో ఎకనామిక్స్ చెప్పి రిటైరైనవాణ్ని. కొంచెం పొడుగు రాస్తాను, పాత అలవాటు.

శ్రీనుబాబూ, మీ ఇంట్లో జరిగిందే దేశం మొత్తం మీద జరిగింది. 2020లో లాన్సెట్ వైద్య పత్రికల్లో మన దేశం లెక్క ఒకటి వచ్చింది. 1990 నుంచి 2019 లోపల ఇంటి పొగ వల్ల చనిపోయేవారి రేటు 64 శాతం తగ్గింది. గ్యాస్ బండ పుణ్యమే చాలావరకు. ఇక బయటి గాలిలోని సన్నధూళి వల్ల చనిపోయేవారి రేటు అదే కాలంలో 115 శాతం పెరిగింది. అమ్మ లెక్క తగ్గింది, పాప లెక్క పెరిగింది. 2019 ఒక్క ఏడాదిలో గాలి కాలుష్యం అన్ని రకాలూ కలిపి 16.7 లక్షల మరణాలు, దేశంలో మొత్తం చావుల్లో 17.8 శాతం.

వ్యాపారి గారూ, మీ తాతగారి మాట కాదనను. కానీ ఆయుర్దాయాన్ని డబ్బు ఒక్కటే పెంచలేదు. శామ్యూల్ ప్రెస్టన్ అనే ఆయన 1975లో దేశదేశాల లెక్కలు వేశాడు. 1930లలో ఫలానా ఆదాయం ఉన్న దేశంలో జనం ఎన్నేళ్లు బతికారో, 1960లలో అంతే ఆదాయం ఉన్న దేశంలో అంతకంటే చాలా ఎక్కువ బతికారు. ఆదాయం అంతే, ఆయుష్షు మాత్రం పెరిగింది. ఆ మధ్య పెరిగిన ఆయుష్షులో ఆదాయం వాటా పది నుంచి పాతిక శాతమే అని తేల్చాడు. మిగతాది టీకాలు, మందులు, మంచినీళ్లు, పురుడు పోసే నర్సులు. కేరళ మనకంటే ఎప్పుడు ధనిక రాష్ట్రమైందని అక్కడి పిల్లలు ముందు బతకడం నేర్చారు?

నాన్నగారి స్టెంటుకి అభివృద్ధికి దండం పెట్టండి, నేనూ పెడతాను. ఆ స్టెంటు దాకా ఎందుకొచ్చిందో కూడా ఒక్కసారి అడగండి.

#5 ఆటోనగర్_బాషా

మాస్టారూ సలాం. మీ మాటలన్నీ బాగున్నాయి. నేను లారీ క్యాబిన్లకి పెయింట్ కొడతా. ఇరవై రెండేళ్లయింది. థిన్నర్ వాసన నాకు వాసనలాగే తెలియదు ఇప్పుడు, ఇంటికెళితే మా ఆవిడకి తెలుస్తుంది. దస్తీ కట్టుకుంటాం. మాస్కు పెడితే చెమటకి ఊపిరాడదు. మే నెలలో బెజవాడలో రేకుల షెడ్డు కింద ఒక గంట నిలబడి చూడండి, అప్పుడు మాట్లాడదాం.

గాలి బాగుండాలని అందరూ అంటారు. పాత లారీ తీసేయమని కూడా అంటారు. దాని వెనక డ్రైవరు, క్లీనరు, నాలాంటి పెయింటరు, తాడిపత్రీలు కుట్టేవాడు ఉన్నారు. కొత్త బీఎస్-6 బండి కొనే స్తోమత ఫ్లీటు ఓనర్లకి ఉంటుంది, ఒక్క బండి వాడికి ఎక్కడిది? 2020 ఏప్రిల్ నుంచి డీజిల్‌లో గంధకం పది లక్షలకి 50 పాళ్ల నుంచి 10 పాళ్లకి తగ్గించారు, మంచిదే. డీజిల్ మారింది, బండి మారలేదు.

దగ్గు నాకూ ఉంది. కానీ పని లేని నెలలో మా ఇంట్లో ఉండేది దగ్గు కంటే పెద్ద జబ్బు.

#6 ఇబ్రహీంపట్నం_కుర్రోడు

బాషా అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు. మాకు థర్మల్ ప్లాంటు అన్నం పెట్టింది. 1979లో మొదటి యూనిట్ మొదలైనప్పటి నుంచి మా వైపు జనానికి అదే ఆధారం. నాన్న కాంట్రాక్టు లేబర్‌గా చేశాడు. నేను డిప్లొమా చదివింది ఆ డబ్బులతోనే.

బూడిద కూడా ఆ డబ్బులతోనే వచ్చింది. మన బొగ్గులో మూడో వంతు, అంతకు పైనే బూడిద. వేసవిలో బూడిద చెరువు ఎండి గాలి లేచిందంటే తెల్ల చొక్కా తీగ మీద ఆరేయరు మా ఇంట్లో. అమ్మ పచ్చళ్లు ఎండబెట్టేది మేనత్త వాళ్ల ఊళ్లో. టిప్పర్లకి పట్టా కట్టాలని రూలు. కడతారు, వెనక ఒక మూల ఎగురుతూ ఉంటుంది.

బూడిదని ఇటుకలకీ సిమెంటుకీ వాడాలని 1999లోనే నోటిఫికేషన్ వచ్చింది. 2021 ఆఖర్లో మొత్తం వాడి తీరాలని మళ్లీ ఇచ్చారు. పొగ గొట్టాల నుంచి వచ్చే గంధకం తగ్గించాలని దేశంలో థర్మల్ ప్లాంట్లన్నిటికీ 2015 డిసెంబరులో నిబంధనలు పెట్టారు. గడువు రెండేళ్లు. ఆ గడువు పొడిగించుకుంటూ పొడిగించుకుంటూ వచ్చి 2025 జులైలో చాలా ప్లాంట్లకి అసలు అక్కర్లేదనేశారు. నేను డిగ్రీ ఫీజుకి వారం గడువు అడిగితే ఫైన్ వేశారు సార్.

#7 వన్‌టౌన్_వ్యాపారి

తమ్ముడూ, ఆ ప్లాంటు లేకపోతే నువ్వు ఈ పోస్టు రాసే ఫోన్‌కి ఛార్జింగ్ ఎక్కడిది? గంధకం తీసే యంత్రాలు పెడితే యూనిట్ ధర పెరుగుతుంది, అప్పుడు కరెంటు బిల్లు మీద ఇంకో చర్చ పెడతారు.

నేను చెప్పేది ఒకటే. ముందు కడుపు నిండాలి. లండన్, జపాన్, అమెరికా అందరూ ముందు పొగ పీల్చి డబ్బు చేసుకుని తర్వాత శుభ్రం చేసుకున్నారు. మనల్ని మాత్రం మొదటి మెట్టు మీదే చీపురు పట్టుకోమంటున్నారు.

#8 సింగ్‌నగర్_లక్ష్మి

మెట్టు మీద చీపురు మాకు అలవాటేలెండి 🙂

2024 సెప్టెంబరులో బుడమేరు మా ఇళ్లలోకి వచ్చినప్పుడు అందరూ వరద గురించే రాశారు. నీళ్లు తీసిన తర్వాత సంగతి ఎవరూ రాయలేదు. ఆ బురద ఎండి రోడ్ల మీద పిండిలా అయింది. ఆటో వెళితే ముందు ఉన్న మనిషి కనపడడు. తడిసిన పరుపులు, సోఫాలు వీధి చివర కుప్ప పోసి ఎవరో అంటించారు. గోడలకి బూజు. మా అత్తగారికి ఆ చలికాలం రెండుసార్లు న్యుమోనియా వచ్చింది. వరద కూడా అభివృద్ధి వల్లేనా అంటే నాకు తెలీదు. కానీ వాగు దారిలో ఇల్లు కట్టుకోవాల్సి వచ్చేది ఎవరో తెలుసు. అక్కడ గజం చవక.

#9 మిర్చి_ఘాటు

గుంటూరు నుంచి. మీరంతా రోడ్డు పొగ గురించి మాట్లాడుతున్నారు. ఫిబ్రవరి నుంచి మే దాకా మా యార్డు వైపు రండి. ఆసియాలో పెద్ద మిర్చి మార్కెట్ అని బోర్డు చూసి ఫొటో దిగుతారు, రెండో నిమిషంలో తుమ్ములు మొదలై కారెక్కుతారు. మా అమ్మ, పిన్ని కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీసేవాళ్లు. కిలోకి ఇంత అని కూలి. తాలు వేరు, మంచి కాయ వేరు. పైట ముక్కుకి చుట్టుకుని పొద్దున నుంచి చీకటి పడేదాకా. రాత్రి చేతులు మంట అని మజ్జిగలో పెట్టుకునేది. నన్ను దగ్గరికి రానిచ్చేది కాదు, నా కళ్లు మండుతాయని. పాలు తాగే వయసులో మా చెల్లెలికి అది ఎలా కుదిరిందో ఇప్పటికీ అడగలేదు నేను.

ఇది కాలుష్యం లెక్కలోకి వస్తుందా మాస్టారూ? పొగ గొట్టం లేదు, మీటరు లేదు. ఎగుమతి డాలర్లు మాత్రం లెక్కలోకి వస్తాయి.

#10 బ్రాడీపేట_మాస్టారు

రావాలి నాయనా, రావడం లేదు. నగరంలో గాలి మీటర్లు ఏ కూడలిలోనో, ఆఫీసు మేడ మీదో ఉంటాయి. షెడ్డు లోపల గాలిని ఎవరు కొలుస్తారు?

మీ మాటకి మా నాన్న గుర్తొచ్చారు. ఆయన స్పిన్నింగ్ మిల్లులో పని చేశారు, మిల్లు పేరు వద్దు. సోమవారం పొద్దున డ్యూటీ ఎక్కితే ఛాతీ బిగుసుకునేది. బుధ, గురువారాలకి తగ్గేది. ఆదివారం సెలవు. మళ్లీ సోమవారం బిగింపు. "పనికి బద్ధకం" అని మేస్త్రీ ఎగతాళి చేసేవాడు. చాలా ఏళ్ల తర్వాత పుస్తకంలో చదివాను. బిసినోసిస్ అంటారట, పత్తి నలుసు వల్ల వచ్చే జబ్బు. సెలవు తర్వాత మొదటి రోజు ఎక్కువగా ఉండటమే దాని గుర్తట. ఆ పుస్తకం నాన్న పోయాక దొరికింది.

#11 దుగ్గిరాల_పసుపు

మాస్టారి పోస్టు చదివి రాయకుండా ఉండలేకపోయాను. మాది పసుపు కమిషన్ వ్యాపారం, మూడు తరాలుగా. మా యార్డులో కొమ్ము చూసి, విరిచి, లోపలి రంగు చూసి పాట పాడతారు.

బంగ్లాదేశ్‌లో ఏమైందో వినండి. అక్కడ 1980లలో వరదలకి తడిసి కొమ్ములు నల్లబడితే, రంగు కోసం పాలిష్ చేసేటప్పుడు లెడ్ క్రోమేట్ చల్లడం మొదలైంది. ఫర్నిచర్‌కి వేసే పసుపు రంగు అది. సీసం. అలవాటు అలాగే ఉండిపోయింది. గర్భిణుల నెత్తురులో సీసం ఎక్కడిదా అని పరిశోధకులు వెతుకుతుంటే వంటింట్లో పసుపు డబ్బా దాకా తేలింది. సీసం పిల్లల మెదడుని తినేస్తుంది. ఇంత అయితే పర్లేదు అనే మోతాదు లేదంటారు.

2019లో మార్కెట్లలో పరీక్షిస్తే 47 శాతం శాంపిళ్లలో సీసం. ప్రభుత్వం పేపర్లలో ప్రకటనలిచ్చింది, హోల్‌సేల్ మార్కెట్‌లో దాడి చేసి జరిమానాలు వేసింది, అక్కడికక్కడే సీసం చూపించే మిషన్ తెచ్చింది. 2021కి శాంపిళ్లలో సున్నా. రెండేళ్లలో! అదేమీ ధనిక దేశం కాదు. వ్యాపారి గారూ, డబ్బులొచ్చేదాకా ఆగితే అక్కడ ఇంకా ఎంతమంది పిల్లలు మందబుద్ధులయ్యేవారో మీరే చెప్పండి. నేనూ వ్యాపారినే, లాభం నాకూ తీపే.

#12 వన్‌టౌన్_వ్యాపారి

పసుపు సంగతి కల్తీ అండీ. కల్తీని నేనెందుకు సమర్థిస్తాను? కల్తీ ఆపడం చవక. గాలి బాగు చేయడం ఖరీదు. రెండూ ఒకటి కాదు.

#13 నిర్వాహకులు

ఫలానా పార్టీ హయాంలోనే ఎక్కువ పొగ వచ్చిందన్న మూడు పోస్టులు తీసేశాం. పొగకి కండువా లేదు. విషయం మీద రాయండి.

#14 బ్రాడీపేట_మాస్టారు

"ముందు డబ్బు, తర్వాత శుభ్రం" అనే మాటకి మా పాఠాల్లో ఒక బొమ్మ ఉంది. 1991లో గ్రాస్‌మన్, క్రూగర్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు చాలా దేశాల నగరాల్లో గాలి లెక్కలు తీసి, తలసరి ఆదాయం పెరిగే కొద్దీ కాలుష్యం మొదట పెరిగి, ఒక స్థాయి దాటాక తగ్గుతోందని చూపించారు. తిరగేసిన లోటా ఆకారం. కుజ్నెట్స్ అనే ఆయన అంతకుముందు అసమానతల మీద ఇలాంటి గీతే చెప్పాడు కాబట్టి ఆయన పేరు దీనికీ అంటుకుంది. నేనూ ముప్పయ్యేళ్లు బోర్డు మీద గీశాను. పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్న.

ఎవరూ చదవని సంగతి ఏమిటంటే, ఇది దానంతట అదే జరగదని 1995 వ్యాసంలో వాళ్లే రాశారు. జనం గోల పెడితే, చట్టం వస్తే, ఆ చట్టం అమలైతే గీత కిందికి దిగుతుంది. లండన్‌నే చూడండి. 1952 డిసెంబరులో అయిదు రోజుల పొగమంచు. అప్పట్లో నాలుగు వేల మంది పోయారన్నారు, తర్వాత లెక్కల్లో పన్నెండు వేల దాకా తేలింది. లండన్ అప్పటికి ఎన్ని తరాలుగా ధనిక నగరం! డబ్బుండి కూడా వంద ఏళ్లు ఊరుకున్నారు. శవపేటికలు చాలని పరిస్థితి వచ్చాక 1956లో చట్టం తెచ్చారు.

బీజింగ్ ఇంకో రకం. 2013లో ఏడాది సగటు పీఎం 2.5 ఘనపు మీటరుకి 89.5 మైక్రోగ్రాములు. 2021కి 33. బొగ్గు బాయిలర్లు తీశారు, ఫ్యాక్టరీలు మూశారు, కొన్నిటిని పక్క రాష్ట్రాలకి పంపేశారు. ఆ ఎనిమిదేళ్లూ వాళ్ల ఆర్థిక వ్యవస్థ పెరుగుతూనే ఉంది. కాకపోతే బాషా గారి ప్రశ్న అక్కడా ఉంది. 2017 చలికాలంలో పల్లెల్లో బొగ్గు పొయ్యిలు ముందే పీకేసి, గ్యాస్ పైపు రాకముందే మంచు పడింది. బడిలో చలికి తట్టుకోలేక పిల్లల్ని ఎండలో బయట కూర్చోబెట్టి పాఠాలు చెప్పారు. నగరం ఊపిరి పీల్చుకోవడానికి పల్లె వణికింది.

వ్యాపారి గారూ, ఖరీదు అంటారు. 2019లో గాలి కాలుష్యం వల్ల మరణాలు, జబ్బులతో పోయిన పని విలువ మన జీడీపీలో 1.36 శాతమని నేను ముందు చెప్పిన లెక్కలోనే ఉంది. అది ఎవరి చిట్టాలోనూ రాయని అప్పు. మీ కొట్టులో అలాంటి పద్దు ఉంటే రాత్రి నిద్ర పడుతుందా?

#15 ఆటోనగర్_బాషా

ఆ పద్దు రాసేది ఎవరు మాస్టారూ అనేదే అసలు సంగతి. లాభం ఒకరి పుస్తకంలో, దగ్గు ఇంకొకరి గొంతులో.

ఇంకో మాట. మా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు ఒకడు ఊరి బయట ఎక్కడో షెడ్డులో పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే పనికి వెళ్లాడు. కూలి మా దగ్గర కంటే ఎక్కువ. ఏడాదికి కడుపునొప్పి, చేతుల్లో పట్టు పోయింది. పసుపు అన్న రాసింది చదివాక ఇప్పుడు వాడి పిల్లల గురించి ఆలోచిస్తున్నా. పని బట్టలతోనే ఇంటికెళ్లి ఎత్తుకునేవాడు.

#16 నైట్‌డ్యూటీ

బాషా గారూ, ఆ అబ్బాయికీ పిల్లలకీ రక్తంలో సీసం పరీక్ష చేయించమనండి. ఆలస్యం వద్దు. బట్టలు విడిగా ఉతకాలి, స్నానం చేశాకే పిల్లల దగ్గరికి వెళ్లాలి. పెద్ద ప్రైవేటు ల్యాబుల్లో చేస్తారు. ఖర్చు ఇబ్బందైతే నాకు మెసేజ్ పెట్టండి.

#17 తిరువూరు_నాయక్

ఎ.కొండూరు తండాల కిడ్నీ జబ్బుల గురించి ఎవరూ రాయలేదే? మాకు ఫ్యాక్టరీ లేదు, హైవే లేదు. అయినా ఇంటికొకరు డయాలసిస్. ఇది ఏ అభివృద్ధి ఖాతా?

#18 నైట్‌డ్యూటీ

నాయక్ గారూ, దానికి కారణం ఇదీ అని డాక్టర్లు ఇంతవరకూ తేల్చలేదు. బోరు నీళ్లు, ఎండలో పని, నొప్పి బిళ్లలు, పురుగుమందులు, అన్నిటి మీదా అనుమానం ఉంది. ఉద్దానంలోనూ అంతే, మధ్య అమెరికా చెరకు తోటల్లోనూ అంతే. కాలుష్యమని నేను రాసేస్తే తప్పవుతుంది. దానికి విడిగా చర్చ పెట్టండి, నేను వస్తాను. నొప్పి బిళ్లలు మాత్రం ఈ రోజే మానిపించండి.

#19 కృష్ణలంక_రాజు

నాకు అర్థం కానిది ఒకటి. నేషనల్ క్లీన్ ఎయిర్ ప్రోగ్రాం అని 2019 జనవరిలో పెట్టారు. 130 దాకా నగరాలున్న ఆ జాబితాలో విజయవాడ, గుంటూరు రెండూ ఉన్నాయి. మా రోడ్డు మీద ఊడ్చే మిషన్ ఒకటి రాత్రి పూట తిరుగుతోంది, నీళ్లు చల్లే బండి వస్తోంది. దుమ్ము తగ్గినట్టే ఉంది. మరి పిల్లలకి దగ్గు ఎందుకు తగ్గదు?

#20 ఇబ్రహీంపట్నం_కుర్రోడు

రాజు గారూ, ఊడ్చే మిషన్‌కి దొరికేది పెద్ద దుమ్ము, పీఎం 10. నర్సమ్మ గారు చెప్పిన సన్నది పొగలోంచి పుడుతుంది. డీజిల్, బొగ్గు, చెత్త మంటలు. దాన్ని చీపురుతో ఊడవలేం. పైగా మన దేశంలో పీఎం 2.5కి ఏడాది సగటు 40 దాటకపోతే పాస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన హద్దుని 10 నుంచి 5కి దించింది. మనకి పాస్ మార్కు వాళ్ల మార్కుకి ఎనిమిది రెట్లు. ఇంత తేలిక పరీక్ష నాకెప్పుడూ పెట్టలేదు.

#21 కృష్ణలంక_రాజు

😀 అర్థమైంది. చలికాలంలో పొద్దున అయిదింటికి బ్యారేజీ మీద వాకింగ్ చేసేవాణ్ని. పొగమంచు బాగుందని ఫొటోలు కూడా పెట్టాను. మానేస్తా.

#22 నైట్‌డ్యూటీ

మానేయకండి, ఎండ వచ్చాక నడవండి. చలికి పొద్దున పూట గాలి పైకి లేవదు, రాత్రి పొగంతా కిందే ఉంటుంది. చుట్టూ కొండలు కూడా కదా మనకి.

#23 వన్‌టౌన్_వ్యాపారి

ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. మాస్టారు రాసింది నాన్నకి చదివి వినిపించాను. ఆయన అన్నది రాస్తున్నా: "మీ తాత పోయింది పొగకే రా. కొట్టు వెనక గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకునేవాడు." ఈ సంగతి నాకు ఇన్నాళ్లూ తెలియదు.

అయినా నా మాట నాదే. డబ్బు లేకుండా గాలి బాగు చేసిన ఊరు ఒక్కటి చూపించండి.

#24 బ్రాడీపేట_మాస్టారు

డబ్బు లేకుండా అని నేనూ అనను. డబ్బు ఉన్నవాళ్లు కూడా ఎవరో వెంటపడితేనే చేశారంటున్నాను. లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల బడి పిల్లల ఊపిరితిత్తుల్ని ఏళ్ల తరబడి కొలిచారు. మురికి గాలిలో పెరిగిన పిల్లలకి ఊపిరితిత్తుల ఎదుగుదల తక్కువ. గాలి శుభ్రపడ్డ తర్వాత పెరిగిన పిల్లలకి ఆ ఎదుగుదల బాగుపడింది. కార్లు తగ్గి కాదు, పొగ నిబంధనలు బిగించి. పిల్ల ఎదిగే వయసు మాత్రం దేశం ధనికమయ్యేదాకా ఆగదు. శ్రీనుబాబు పాపకి ఇంకో పదేళ్లే ఉంది ఊపిరితిత్తులు పెరగడానికి.

శ్రీనుబాబు ఎక్కడ? చర్చ పెట్టి మాయమయ్యారు.

#25 గొల్లపూడి_శ్రీను

ఇక్కడే ఉన్నాను మాస్టారూ, అన్నీ చదువుతున్నా. ఆ పదేళ్ల మాట చదివాక రెండు రోజులు ఏమీ రాయబుద్ధి కాలేదు.

చేసింది చెబుతాను. పాప గది రోడ్డు వైపు నుంచి వెనక వైపుకి మార్చాం. హైవే వైపు కిటికీలు పొద్దున తొమ్మిది దాకా తీయడం లేదు. మా అపార్ట్‌మెంటు వెనక ఖాళీ స్థలంలో ఆకులు, కవర్లు తగలబెట్టే వాచ్‌మన్‌తో మాట్లాడాను. "పై అంతస్తు వాళ్లే తగలబెట్టమన్నారండీ, దోమలని" అన్నాడు. మీటింగ్‌లో పెట్టాను. ఇద్దరు ఒప్పుకున్నారు, ఒకాయన "మీ పాప ఒక్కదానికేనా దగ్గు" అన్నారు. వాళ్ల అబ్బాయి చేతిలో కూడా ఇన్‌హేలర్ చూశాను నేను. ఏమీ అనలేదు. భోగికి టైర్లు వేయకూడదని మాత్రం రాసి లిఫ్టులో అంటించాం. అమలవుతుందో లేదో చూడాలి.

అమ్మ ఇన్‌హేలర్ వాడుతోంది. నర్సమ్మ గారు చెప్పిన మాటలే చెప్పాను, నా మాటగా కాదు, "ఆసుపత్రిలో చేసే ఆవిడ అన్నారు" అని. అప్పుడు విన్నది. మెట్లు ఇప్పుడు ఒక్కసారి ఆగి ఎక్కుతోంది.

పండక్కి ఊరెళుతున్నాం. నిన్న ఫోన్‌లో అమ్మ మా పిన్నితో మాట్లాడుతుంటే విన్నా. దొడ్లో గాడిపొయ్యి తవ్వించమంటోంది, అరిసెలకి. గ్యాస్ మీద పాకం కుదరదట. పత్తి కట్టె ఆరబెట్టి ఉంచమంది. నేను చూసి "అమ్మా" అన్నాను. "ఒక్క పూటేరా, ఆరుబయటేగా" అంది.

#26 నైట్‌డ్యూటీ

ఆవిడ్ని పాకం చూడటానికి మాత్రమే కూర్చోబెట్టండి, గాలి వాలుకి ఎదురు వైపు. మంట ఇంకెవరైనా వేయాలి. పాపని ఆ దరిదాపులకి రానివ్వద్దు.

#27 ఆటోనగర్_బాషా

మంట నేను వేస్తా, ఎటూ పొగ అలవాటే. అరిసెలు ఎన్ని ఇస్తారో ముందు చెప్పండి శ్రీను గారూ.